సున్నపుమిట్ట కింద దిగే మనిషి

హిందూపురం నుంచి పెనుకొండ, చెన్నేకొత్తపల్లి మీదుగా ధర్మవరం వెళ్ళే పొద్దుటి బస్సు సున్నపుమిట్ట కిందికి వచ్చి ఆగిపోయింది. అక్కడ ఎక్కేవాళ్ళు లేరు. ఊరు లేదు. రోడ్డుకు అటూ ఇటూ పంట కోసిన వేరుశెనగ చేలు, ఎదురుగా నిటారుగా లేచిన ఎక్కుడు. బస్సులో ఉన్న ఫిట్టరు నారాయణప్ప బండికేమైనా అయిందేమోనని చెవి రిక్కించాడు. ఇంజను శుభ్రంగానే ఆడుతోంది.

అప్పుడు కండక్టరు తిమ్మరాజు టిక్కెట్ల సంచి భుజాన సర్దుకుని, ఎవరూ ఏమీ అనకముందే వెనక తలుపు తీసుకుని దిగాడు. ఎడమ మోకాలు సరిగా వంగదు గనుక ముందు కుడికాలు నేలమీద ఆనించి, తరువాత రెండో కాలు దించుకున్నాడు. తువ్వాలు తలమీద వేసుకుని రోడ్డు పక్కకు జరిగి నిలబడ్డాడు.

"దిగినాడా శనీశ్వరుడు?" డ్రైవరు రంగప్ప వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"దిగినాడన్నా" అన్నాడు క్లీనరు హనుమంతు.

"పెనుకొండ దాకా నడిపించప్పా, పీడ వదిలిపోతాది" అని ఎవరో అన్నారు. బస్సంతా నవ్వింది. తమలపాకుల బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఎల్లమ్మ మాత్రం, "పాపం, కాలు బాగలేనోడు. ఈ ఎండలో..." అని గొణిగింది.

"అంత పాపమనిపిస్తే నువ్వూ దిగు ఎల్లమ్మా, తోడుగా ఉంటాది!"

మళ్ళీ నవ్వులు. ఎల్లమ్మ ఆకులమీది తడిగుడ్డ సర్దుకుంటూ తల వంచుకుంది.

కండక్టరు అనవలసిన "రైట్" క్లీనరు అన్నాడు. బస్సు మొదటి గేరులో మూలుగుతూ, నింపాదిగా మిట్ట ఎక్కింది. పైకి చేరాక మళ్ళీ ఆగింది. తిమ్మరాజు కింద ఎక్కడో తెల్లటి తువ్వాలుగా కనిపించి, మెల్లగా మనిషై, చెమటతో తడిసి వచ్చి ఎక్కేదాకా అందరూ కాచుకున్నారు. ఆలోగా రంగప్ప దిగి, బానెట్ దగ్గరికి నారాయణప్పను పిలిచాడు.

"నువ్వేమో సయిన్సు సయిన్సు అంటాంటావంట కదప్పా. చూడు. చుక్క నీళ్ళు తెర్లలేదు. వాడు బస్సులో ఉంటే ఈ మిట్టకు ఆవిరి చిమ్మాల్సిందే. దిగితే ఏమీ లేదు. ఇప్పుడు చెప్పు నీ సయిన్సు."

నారాయణప్ప వంగి చూశాడు. రేడియేటరులో నీళ్ళు నిజంగానే మరగలేదు.

అతడు ఈ మోటారు కంపెనీకి ఫిట్టరుగా వచ్చి కొద్ది కాలమే అయింది. అది 1958వ సంవత్సరం. అంతకుముందు బెంగళూరులో ఒక వర్క్‌షాపులో పనిచేశాడు. బండి ముందు నిమ్మకాయలు కట్టడం, అమావాస్యకు గుమ్మడికాయ కొట్టడం వంటి వాటిలో తాను పాలు పంచుకునేవాడు కాదు, పంచుకునేవాళ్ళను ఎగతాళి చేసేవాడూ కాదు. ఎవరైనా ఒక వింత చెబితే, "చూసినావా, విన్నావా?" అని మాత్రం అడిగేవాడు. చాలా వింతలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయేవి. కానీ ఈసారి చూసినవాడు తానే. ఆ సంగతి అతణ్ణి ధర్మవరం చేరేదాకా వదిలిపెట్టలేదు.

అంతకన్నా ఎక్కువగా వేధించినది ఇంకొకటి ఉంది. తిమ్మరాజును ఎవరూ దింపలేదు. అతడే దిగాడు.

దీని వెనక ఉన్న కథ గ్యారేజీలో అందరికీ తెలిసినదే. కిందటి వానాకాలంలో, తిమ్మరాజు కొలువులో చేరిన కొత్తలోనే, చెన్నేకొత్తపల్లి దాటాక వచ్చే వంక దగ్గర రంగప్ప తోలుతున్న బస్సు అదుపు తప్పి కల్వర్టు మీదినుంచి ఒరిగింది. ప్రయాణికులు దెబ్బలతో బయటపడ్డారు. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్న క్లీనరు మల్లప్ప మాత్రం బండి కిందపడి చనిపోయాడు. అతడు రంగప్ప అక్క కొడుకు. తల్లి పోయిన నాటినుంచి రంగప్పే పెంచాడు, తన బండిలోనే పని నేర్పాడు. మల్లప్ప పక్కనే నిలబడిన తిమ్మరాజు మోకాలు విరిగి బతికాడు. శవం ఇంటికి వచ్చిన పొద్దు, ఏడ్చేవాళ్ళలో ఎవరో, "కొత్తగా వచ్చినోని పాదం మంచిది కాదు" అన్నారు. అన్నది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. మాట మాత్రం నిలిచిపోయింది.

కాలు కట్టు విప్పి తిమ్మరాజు పనిలోకి వచ్చేసరికి ఎండలు మొదలయ్యాయి. ఒక పొద్దు సున్నపుమిట్ట నడుమ ఇంజను మరిగి ఆవిరి చిమ్మింది. మర్నాడూ అంతే జరిగింది. ఆ మరుసటి పొద్దు రంగప్ప కోపం పట్టలేక మిట్ట కిందనే బండి ఆపి, "దిగరా నా బండి!" అన్నాడు. తిమ్మరాజు దిగాడు. బండి సుఖంగా ఎక్కింది. ఆ తరువాత అదే పద్ధతి అయిపోయింది.

పద్ధతి మిట్ట దగ్గరే ఆగలేదు. గ్యారేజీలో అతని చేతికి ఎవరూ పానా అందించరు, నేలమీద పెడతారు. టీ గ్లాసు అంతే. పెనుకొండలో బండి మనుషులందరూ కలిసి అన్నం తినే హోటల్లో అతని ఆకు వేరుగా గోడవారన పడుతుంది. హనుమంతు ఒకసారి నవ్వుతూ, "ఏమబ్బా తిమ్మా, మా ఇంటి ముందు నుంచి పోవాకు, మా బర్రె ఈనే దినాలు" అన్నాడు. తిమ్మరాజు ఆనాటినుంచి నిజంగానే ఆ వీధి మానేశాడు.

ధర్మవరంలో చెడిపోయి నిలిచిన కంపెనీ బండికి మరమ్మతు ముగించి, నారాయణప్ప మధ్యాహ్నం బస్టాండులో తిమ్మరాజు పక్కన వచ్చి కూర్చున్నాడు. తిమ్మరాజు అదిరిపడి జరిగాడు.

"ఈడ కూర్చుంటావాన్నా? వాళ్ళు చూస్తే నిన్నూ అంటారు."

"అననీ. ఆ మిట్ట కాడ నువ్వే దిగినావు. యేమిటికి?"

"చెప్పించుకోని దిగేదానికన్నా ముందే దిగితే రోంత మానం మిగుల్తాది." గొంతు తగ్గించాడు. "అయినా వాళ్ళు చెప్పేది అబద్ధం కాదన్నా. నేను దిగితే మరగదు. నువ్వూ చూసినావు కదా."

"చూసినా."

"మల్లి నా పక్కనే ఉన్యాడు. వానికి పాణం పాయ, నాకు మోకాలు పాయ. నాకు రావల్సింది వానికి పోయుంటాది." ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో దుఃఖం కూడా లేదు, లెక్క సరిచూసుకున్నవాడి నిదానం ఉంది. నారాయణప్పకు భయం వేసింది. నలుగురూ కలిసి ఒక మనిషిని అవమానిస్తే అతడు ఎదురు తిరగవచ్చు, ఏడవవచ్చు. నలుగురితో కలిసి తనను తానే దోషిగా ఒప్పుకున్నవాడికి ఆ రెండు దారులూ ఉండవు.

నారాయణప్ప ఆ మిట్టను గురించి చాలా ఆలోచించాడు. ఒక మనిషి బరువు తగ్గినంత మాత్రాన ఇంజను మరగకుండా ఉండదు. మనిషి పాదానికీ నీటి వేడికీ సంబంధం ఉందని అతడు నమ్మలేడు. కానీ ఫలితం కళ్ళెదుట ఉంది. తప్పుడు కారణానికి నిజమైన ఫలితం తోడైతే ఆ రెంటినీ విడదీయడం, తుప్పుపట్టి బిగుసుకున్న నట్టును విప్పడంకన్నా కష్టం.

తిమ్మరాజుకు జ్వరం వచ్చిన ఒక పొద్దు ఆ నట్టు కదిలింది. ఆనాడు కృష్ణమూర్తి అనే మరో కండక్టరు వచ్చాడు. నారాయణప్ప పని కల్పించుకుని అదే బస్సెక్కాడు. రంగప్ప మనసు తేలికగా ఉంది. దారిపొడుగునా హుషారుగా హారన్ కొడుతూ వచ్చి, సున్నపుమిట్ట కింద ఆగకుండా, ఉన్న వేగంతోనే ఎక్కుడు మీదికి తోలాడు. సగం దూరం ఊపు మీద వెళ్ళింది. ఆ తరువాత వేగం చచ్చింది. పెద్ద గేరు మార్చకుండానే రంగప్ప ఇంజనును తొక్కి పట్టాడు. ఇంజను గుండెలు బాదుకుంటున్నట్టు కొట్టుకుని, బానెట్ సందులనుంచి తెల్లగా ఆవిరి చిమ్మింది.

హనుమంతు డబ్బా పట్టుకుని చేలో బావికి పరుగెత్తాడు. రంగప్ప నిర్ఘాంతపోయి బస్సంతా వెతికాడు. వెనక సీటు కింద తిమ్మరాజు మరిచిపోయిన పాత తువ్వాలు దొరికింది.

"ఇదిగో! ఇది ఉంటే ఎట్ల మరగదు?" అని దాన్ని వేలికొసలతో పట్టుకుని చేలోకి విసిరేశాడు. అందరూ తేరుకున్నారు. కారణం దొరికింది.

నారాయణప్పకూ దొరికింది.

ఆ సాయంత్రం గ్యారేజీలో రంగప్ప ఒంటరిగా బీడీ ముట్టిస్తున్నప్పుడు నారాయణప్ప దగ్గరికి వెళ్ళాడు. రంగప్ప వయసులో పెద్దవాడు, పనిలో అందరికన్నా అనుభవం గలవాడు. అందుకే మాటలు ముందే కూర్చుకుని వెళ్ళాడు.

"రంగన్నా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవాకు. తిమ్మరాజు దిగాలంటే బండి నిలబడాల. నిలబడినంతసేపు ఇంజనుకు బరువు లేదు, ఫ్యాను తిరుగుతాంటాది, నీళ్ళు చల్లబడతాయి. మళ్ళా ఫస్టు గేర్లో మెల్లగా ఎక్కిస్తావు. బండిని కాపాడేది ఆ రెండే. వాడు దిగేది కాదు. ఈ పొద్దు నిలపలేదు, ఊపు మీద తోలితివి. మరిగిపాయ."

రంగప్ప బీడీ పొగ వదిలి, శ్రద్ధగానే విన్నాడు. "అట్లనా?"

"అట్లనే."

"సరే, రేపటినుంచి ఎవరున్యా నిలబెడతా. మెల్లగానే ఎక్కిస్తా."

నారాయణప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

"వాడూ దిగుతాడు" అన్నాడు రంగప్ప. "అన్నీ జరిగితే ఇంకా మంచిదే కదప్పా. నీకేమి నష్టం?"

నారాయణప్ప అప్పుడు చేయకూడని పని చేశాడు. తన దగ్గరున్న రుజువులన్నీ ఒకేసారి బయటపెట్టాడు. "అన్నా, ఆ వంక కాడ జరిగినదీ వాని పాదం వల్ల కాదు. ముందు చక్రం మీద బరువు మోసే కమాను పట్టీ విరిగింది. ఆ ముక్కలు ఈడే మూలన ఉండాయి, నేను చూసినా. పగులు సగం తుప్పుపట్టి పాతది, సగం తెల్లగా కొత్తది. అంటే చానా దినాలుగా లోపల్లోపలే పగిలి ఉండాది..."

రంగప్ప ముఖం మారిపోయింది. బీడీ నేలకేసి నలిపాడు.

"అంటే పగిలిన పట్టీతో బండి తోలినానంటావు. నా మల్లిని నేనే చంపుకున్యానంటావు."

"అట్ల కాదన్నా! క్లాంపు కింద ఉండే పగులు ఎవరికీ కనపడదు..."

"పో. నీ సయిన్సు నీకాడే పెట్టుకో. ఇంగొక మాట మాట్లాడితే మర్యాద దక్కదు."

నారాయణప్ప గ్యారేజీ బయటికి వచ్చాడు. తాను ఒక తప్పుడు నమ్మకాన్ని తొలగిస్తున్నాననుకున్నాడు. నిజానికి కూలిపోతున్న మనిషి ఆనుకున్న ఊతకర్రను లాగుతున్నాడు. రంగప్పకు తిమ్మరాజు పాదం కావాలి. అది లేకపోతే మిగిలేది స్టీరింగు పట్టుకున్న తన రెండు చేతులే. అతని మీద జాలి కలిగింది. కానీ ఆ కర్ర మొన ఇంకొక మనిషి మెడమీద నాటి ఉంది. దాన్ని అలా వదిలేయడానికి వీల్లేదు.

కంపెనీ యజమాని పాండురంగయ్య దగ్గరికి కూడా వెళ్ళి చూశాడు. ఆయన హిందూపురంలో పేరున్న బెల్లం వ్యాపారి, అందరూ శెట్టి అంటారు. సౌమ్యంగానే మాట్లాడాడు. "రోంత నడిస్తే కాళ్ళు అరిగిపోతాయా నారాయణప్పా? రంగప్ప లాంటి డ్రైవరు పోతే నాకు మళ్ళా దొరుకుతాడా? ఊరికే కెలకొద్దు" అన్నాడు.

కెలికిన ఫలితం తిమ్మరాజుకే తగిలింది. మర్నాటినుంచి రంగప్ప అతణ్ణి వంక దగ్గర కూడా దింపడం మొదలుపెట్టాడు. మల్లప్ప పడినచోట బస్సు కల్వర్టు దాటిపోతే, తిమ్మరాజు వెనక ఒక్కడే నడిచి దాటేవాడు. కొందరు కిటికీలోంచి తలలు పెట్టి చూసేవాళ్ళు.

ఒక సాయంత్రం తిమ్మరాజు గ్యారేజీకి వచ్చి, టిక్కెట్ల సంచీ విజిలూ నారాయణప్ప ముందు నేలమీద పెట్టాడు. ఇవ్వడం కూడా నేలమీదనే అలవాటైపోయింది.

"రేపు శెట్టికి ఇచ్చేయన్నా. నేను పోతాండా. బెంగళూర్లో మా చిన్నాయన హోటల్లో పని చేస్తాడు."

"ఏ బండికి పోతావు?"

తిమ్మరాజు వంగి సంచి మూత సరిచేశాడు.

"రైలుకా, బస్సుకా?"

"నడిచి పోతా."

"బెంగళూరుకా?"

"నేనింగ ఏ బండీ ఎక్కనన్నా" అన్నాడు తిమ్మరాజు. "ఎక్కితే ఆ బండిలో వాళ్ళకేమన్నా అయితే? నాకొద్దు. మల్లి ఒక్కడు చాలు."

నారాయణప్ప చేతిలో ఉన్న పానా పక్కన పెట్టాడు. ఇంజను, ఫ్యాను, గేరు, తుప్పు అన్నీ ఇదివరకే అతనికి వివరించి ఉన్నాడు. తిమ్మరాజు ప్రతిసారీ తల ఊపాడు. అర్థం కాక కాదు. అర్థమైన సంగతికీ అడుగు వేసే కాలికీ మధ్య ఎక్కడో దారి తెగిపోయింది. అది మాటలతో అతికేది కాదు.

"రేపొక్క పొద్దు ఉండు" అన్నాడు. "మిట్ట కాడ దిగొద్దు. నేను నీ పక్కన కూర్చుంటా."

"ఏమన్నా అయితే?"

ఏమీ కాదని చెప్పడం తేలిక. నారాయణప్ప ఆ మాట నోటిదాకా వచ్చినా మింగాడు. తనకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం మొదలుపెడితే తనకూ, పాదం మంచిది కాదన్నవాళ్ళకూ తేడా ఉండదు.

"ఏమీ కాదని నేను చెప్పలేను తిమ్మా. బండి కదా. ఈ సాయంత్రం బ్రేకులు, పట్టీలు అన్నీ విప్పి చూస్తా. చేతనైనంత చేస్తా. అప్పటికీ ఏమన్నా అయితే, అది ఇనుము వల్ల అయితాది. నీ వల్ల కాదు. నీకేమయితే నాకూ అదే అయితాది. పక్కనే ఉంటా కదా."

తిమ్మరాజు నేలమీది విజిలును వేలితో కదిపాడు.

"దిగాలనిపిస్తే?"

"దిగు. నేనూ దిగుతా. ఇద్దరం నడుద్దాం."

మర్నాడు బస్సు నిండుగా ఉంది. పెనుకొండ కోర్టులో వాయిదాకు పోయే రైతులు, ఆకుల బుట్టతో ఎల్లమ్మ, ముందు వరుసలో పసిబిడ్డను ఒళ్ళో వేసుకున్న ఒక తల్లి. టిక్కెట్లు కొట్టడం అయ్యాక తిమ్మరాజు చివరి సీటులో నారాయణప్ప పక్కన కూర్చున్నాడు. సున్నపుమిట్ట కింద బస్సు ఆగింది. ఇంజను తేలికగా ఆడుతోంది.

"దిగినాడా?"

హనుమంతు వెనక్కి చూశాడు. "లేదన్నా."

"నిద్రపోతాండాడేమో లేపు."

"లేచే ఉండాడు."

రంగప్ప సీటులోనే వెనక్కి తిరిగాడు. "రేయ్ తిమ్మడా! దిగు."

తిమ్మరాజు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకున్నాడు. వణుకు చెక్క సీటుకు పాకి నారాయణప్పకు తెలుస్తోంది. అతడు రంగప్పను చూడడం లేదు. ముందు వరుసలోని పసిబిడ్డను చూస్తున్నాడు.

"ఆ పాప ఉండాదన్నా బస్సులో" అన్నాడు నారాయణప్పకు మాత్రమే వినబడేలా.

"ఉండాది. నేను చూసినా."

"దిగిపోతా అన్నా."

"సరే, పద" అని నారాయణప్ప నిజంగానే లేచి నిలబడ్డాడు. చెప్పులు సర్దుకుని, కండువా తలకు చుట్టుకున్నాడు. తిమ్మరాజు అతని ముఖం వైపు చూశాడు. ఎవరో ఒకరు తనతోబాటు నడవడానికి సిద్ధపడటం అతడు ఎన్నడూ చూడలేదు. లేవబోయి, మళ్ళీ కూలబడ్డాడు. అతని పెదవులు కదిలాయి. రెండోసారికి గాని మాట బయటికి రాలేదు.

"నేను దిగను రంగన్నా."

బస్సులో నవ్వులు లేవలేదు. నారాయణప్ప మళ్ళీ కూర్చున్నాడు.

"అయితే బండి కదలదు" అని రంగప్ప తలుపు విసురుగా తోసి దిగి, రోడ్డు పక్క రాయిమీద కూర్చుని బీడీ వెలిగించాడు. మళ్ళీ హ్యాండిల్ వేసి తిప్పే బాధ ఎందుకని ఇంజను ఆపలేదు. అది గాలికి ఎదురుగా నిలబడి మెల్లగా ఆడుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఆ చప్పుడు వింటూ నారాయణప్ప లోలోపల ఒక సంగతి గ్రహించాడు. రంగప్ప ఎంతసేపు అలిగి కూర్చుంటే నీళ్ళు అంత చల్లబడతాయి. అతని కోపమే బండిని మిట్ట ఎక్కడానికి సిద్ధం చేస్తోంది. ఇంకొకప్పుడైతే నవ్వుకునేవాడే. పక్కనున్నవాడి వణుకు అతణ్ణి నవ్వనివ్వలేదు.

"ఏమప్పా తిమ్మరాజూ, మా పనులు చెడగొడతావా? దిగి నాలుగడుగులు వేస్తే ఏం పాయ?" అన్నాడొక రైతు.

"నువ్వు దిగి వేయరాదా నాలుగడుగులు?" ఎల్లమ్మ గయ్యిమంది. "దుడ్లు ఇచ్చి ఎక్కినోడివి నువ్వు కూర్చో, దుడ్లు వసూలు చేసినోడు నడవాలనా? ఇన్ని దినాలు నేనూ నోరు మూసుకోని కూర్చుంటి. సిగ్గు లేదు నాకు, నీకూ లేదు!"

"అది కాదు తల్లీ, ఇంజను..."

"ఇంజను మరిగితే నీళ్ళు పోస్తారు. చావరులే."

చావు మాటకు తిమ్మరాజు ఉలిక్కిపడ్డాడు. నారాయణప్ప తన భుజం అతని భుజానికి ఆనేంత దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

రైతు చివరికి దిగి రంగప్ప దగ్గరికి పోయాడు. "వాయిదా తప్పితే నా చేను పోతాది రంగప్పా. ఆ యప్ప దిగడు, నువ్వు ఎక్కవు. మేమేం కావల్ల?"

రంగప్ప బీడీ విసిరికొట్టి లేచాడు. డ్రైవరు సీటులో కూర్చుని, అందరికీ వినబడేటట్టు, "ఏమన్నా అయితే నా పూచీ కాదు. వింటాండారు కదా అందరూ" అన్నాడు. హనుమంతు "రైట్" అన్నాడు.

మొదటి గేరు పడింది. బస్సు మిట్ట ఎక్కసాగింది. తిమ్మరాజు కళ్ళు మూసుకున్నాడు. సగం దూరంలో, ఎప్పుడూ ఆవిరి చిమ్మే చోట, ఇంజను శబ్దం బరువెక్కింది. మాటలన్నీ ఆగిపోయాయి. పసిబిడ్డ ఏదో చూసి కిలకిల నవ్వింది. తిమ్మరాజు ఆ నవ్వుకు కళ్ళు తెరిచాడు. తెరిచాక మళ్ళీ మూయలేదు. బానెట్ మీద ఎండ మెరుస్తోంది తప్ప ఆవిరి లేదు. రోడ్డు చదునైంది.

నడిచివచ్చేవాడికోసం ఆగే చోట రంగప్ప అలవాటు కొద్దీ ఆపాడు. ఈసారి కాచుకోవలసిన మనిషి ఎవరూ లేరు. అతడు దిగి, గుడ్డతో రేడియేటరు మూత పట్టుకుని తిప్పాడు. లోపలికి చూశాడు. ఆ తరువాత మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నారాయణప్ప దిగి దగ్గరికి వెళ్ళాడు. గెలిచానన్న భావం అతనికి ఎంత వెతికినా దొరకలేదు. తనకన్నా పెద్దవాడైన మనిషి బానెట్ మీద చెయ్యి ఆనించి, కాలుతున్నా తియ్యకుండా ఉన్నాడు.

"అయితే నా మల్లి యేమిటికి చచ్చిపోయినాడప్పా?"

"పట్టీ విరిగింది. అంతవరకు నాకు తెలుసు. బయటికి కనపడే పగులైతే నువ్వు చూసుందువు, నాకదీ తెలుసు. అది ఆ పొద్దే, ఆ వంక కాడే, వాడు ఫుట్‌బోర్డు మీద ఉన్నప్పుడే యేమిటికి విరగాల అంటే..." నారాయణప్ప తల అడ్డంగా ఊపాడు. "తెలీదన్నా. తెలిసినట్టు చెప్పేవాళ్ళకూ తెలీదు."

వెనక కుడికాలు ముందు ఆని, ఎడమకాలు తరువాత ఆనిన చప్పుడైంది. తిమ్మరాజు దిగి వచ్చి, కొంచెం ఎడంగా నిలబడ్డాడు.

"వాని చెయ్యి పట్టుకున్యానన్నా" అన్నాడు. "వాన కదా, జారిపాయ."

రంగప్ప తలెత్తాడు. ఇన్నాళ్ళుగా అతణ్ణి చూసినా చూడనట్టు గడిపిన కళ్ళు. మల్లప్ప పడిన క్షణాన అతని పక్కనున్న మనిషి ఇతడొక్కడే. ఆ సంగతి రంగప్పకు తెలియక కాదు. ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని ఉంటే అడిగి ఉండేవాడు.

"ఏమన్నా అన్యాడా?"

"మామా అన్యాడు. ఒక్కసారే."

రంగప్ప మూతను రేడియేటరు మీద పెట్టి తిప్పడానికి చాలాసేపు పట్టింది. మరలు కుదరలేదు. నారాయణప్ప సాయం చెయ్యబోయి, మానుకున్నాడు. మూత బిగిశాక రంగప్ప తువ్వాలుతో ముఖం రుద్దుకుని, ఎవరినీ చూడకుండా పోయి తన సీటులో కూర్చున్నాడు. బస్సులో ఎవరూ గంట ఎంతయిందని అడగలేదు. వాయిదా రైతు కూడా అడగలేదు.

తిమ్మరాజు ఎక్కాడు. నారాయణప్ప ఎక్కాడు. హనుమంతు తలుపు వేసి, అలవాటు ప్రకారం నోరు తెరవబోయాడు.

"నువ్వుండు" అన్నాడు రంగప్ప.

గేరు మీద చెయ్యి వేసి, రోడ్డు వైపే చూస్తూ కాచుకున్నాడు. దూరంగా పెనుకొండ కోట గోడలు ఎండలో కనిపిస్తున్నాయి. ఇంజను మెల్లగా ఆడుతోంది.

కొంతసేపటికి వెనకనుంచి తిమ్మరాజు గొంతు వచ్చింది. బొంగురుగా ఉంది, కానీ బస్సంతా వినబడింది.

"రైట్."